మగ్గం గుంతలో తాబేలు

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు దీప్తి ఫోన్ చేసి, "అత్తా, సండే వచ్చెయ్, నీకొకటి చూపించాలి" అంది. కొత్త సోఫా కొనిందేమో, దాని మీద కూర్చుని బాగుందని చెప్పాలి కాబోలు అనుకుంటూ వెళ్ళాను. వాళ్ళ అపార్ట్‌మెంట్ బెంగళూరు శివార్లలో, జిగణి దారిలో. తలుపు తీసే ఉంది. హాల్లో నేల మీద పాత పేపర్లు పరుచుకుని, మోచేతుల దాకా ఇసుక పూసుకుని కూర్చుని ఉంది పిల్ల. ఎదురుగా బల్లంత గాజు తొట్టి. పక్కన ప్లాస్టిక్ టబ్బులో అరచేతంత తాబేళ్ళు రెండు, చెవుల దగ్గర ఎర్రచారలతో, మెడలు చాపి నన్ను చూశాయి. కింది ఇంటివాళ్ళు పూణేకు బదిలీ అయి, వీటిని ఎవరికివ్వాలో తెలియక తిప్పలు పడుతుంటే ఈమె తెచ్చుకుందట. చెరువులో వదిలేస్తే సరిపోయేది కదా అన్నాను. "అయ్యో అత్తా, ఇవి మన సైడ్ తాబేళ్ళు కాదు. లేక్‌లో వదిలితే అక్కడి లోకల్ వాటికి ఫుడ్ మిగలనివ్వవు. లైఫ్‌లాంగ్ మనమే చూసుకోవాలి" అని నాకు క్లాసు పీకింది.

ఆమె చూపించిన వాటిలో సగం పేర్లు నాకు నోరు తిరగలేదు. నీళ్ళు శుభ్రం చేసే మోటారు ఒకటి, నీళ్ళ వేడి చూపించే మీటరు ఒకటి, ఎండకు బదులు వెలిగే దీపాలు రెండు. "ఇది ల్యాండ్ ఏరియా, ఇది వాటర్ ఏరియా. అవి పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకోకపోతే షెల్ పాడైపోతుంది" అంటూ ఒడ్డుకూ నీళ్ళకూ నడుమ ప్లాస్టిక్ పలక ఒకటి ఏటవాలుగా అమర్చి, చిన్న తాబేలును దాని మీద పెట్టింది. అది రెండడుగులు ఎక్కి జర్రున జారి నీళ్ళలో పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. "దానికేదన్నా దారం చుట్టమ్మా, గోళ్ళు ఆనేదానికి ఏదైనా ఉండాలి" అన్నాను. దీప్తి తలతిప్పి చూసింది. జన్మంతా ఆఫీసులో ఫైళ్ళు చూసి రిటైరైన అత్తకు తాబేళ్ళ గోళ్ళ సంగతి ఎట్లా తెలుసునా అని ఆ చూపు. నాకు తెలిసింది కాదు, మా తాతకు తెలిసింది. ఆ కథ ఆ సాయంత్రం ఆ పిల్లకు సగమే చెప్పాను, దీపాలు బిగించే తొందరలో ఉంది పాపం. మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఇల్లు పాత బెంగళూరు పేటలో, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత సందులో ఉండేది. సందులో అన్నీ మగ్గాల ఇళ్ళే. ముందుగది మగ్గానిది, మిగిలిన చోటు మనుషులది. మాది గుంత మగ్గం. నేలలో నడుములోతు గుంత తవ్వి, దాని అంచున నేల మీదనే కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడదీసి, అడుగునున్న పలకలు తొక్కుతూ, చేత్తో నాడె విసురుతూ నేస్తారు. నాడె అంటే నిలువు దారాల మధ్యలోంచి అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకుపోయే చిన్న చెక్క పడవ. తాత అక్కడ కూర్చుంటే నడుము నుంచి పైభాగమే కనిపించేది. బాగా చిన్నప్పుడు ఆయన అంతే ఉంటాడని, లేచి నిలబడినప్పుడు కాళ్ళు ఎక్కడినుంచో వచ్చి అతుక్కుంటాయని అనుకునేదాన్ని. పైన మంగళూరు పెంకుల మధ్య గాజు పెంకు ఒకటి ఉండేది. పొద్దు కాస్త ఎక్కినాక ఎండ దానిలోంచి దిగి సరిగ్గా ఆయన ఒళ్ళో పడేది. పట్టు నేసేవాళ్ళకు వెలుతురు లేకపోతే రంగులో తేడా తెలియదు కదా, అందుకని మా ముత్తాత ముందు వెలుతురు చూసుకునే మగ్గం దించాడట. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది: తడి పట్టు వాసన, రంపపుపొట్టు కూరి వెలిగించే పొయ్యి పొగ, వాటిమీదుగా మా అవ్వ కలిపే కాఫీ. అవ్వ చీకటి వదలకముందే లేచి, వీధి కుళాయిలో నీళ్ళు పట్టి, గడపకూ గుంత అంచుకూ ముగ్గు వేసి, ఆ తరువాతే నోట్లో ఏదైనా వేసుకునేది. మధ్యాహ్నం రాట్నం ముందు కూర్చుని దారం చుడుతూ, సందులో పోయే ప్రతి మనిషినీ కిటికీలోంచి పలకరించి, తిట్టాల్సినవాళ్ళను తిట్టి పంపేది.

నేను మూడో క్లాసుకు వచ్చేసరికి తాత మగ్గం ఆగిపోయింది. సందంతా కరెంటు మగ్గాలు వచ్చాయి. వాటి టకటకలో పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా అరిచి మాట్లాడాల్సి వచ్చేది. చేతి మగ్గానికి పట్టు ఇచ్చే షావుకార్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఒకరోజు తాత, నాయన కలిసి మగ్గం విప్పి, కొయ్యలన్నీ తాళ్ళతో కట్టి అటక మీదికి ఎక్కించారు. మిగిలింది గుంత ఒక్కటే. అయినా తాత మర్నాడు మామూలుగా స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చి గుంత అంచున తన చోట కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడదీశాడు. ఆనాటినుంచి కాఫీ అక్కడే, పేపరు అక్కడే, గడ్డం అక్కడే, నా చేత ఎక్కాలు చెప్పించుకోవడం కూడా అక్కడే. నాయన జాలిపడి కుర్చీ ఒకటి తెచ్చాడు. తాత దానిలో పరాయి ఇంటికి వచ్చినవాడిలా కొసన కూర్చుని, నాయన ఫ్యాక్టరీకి బయలుదేరగానే లేచి గుంత దగ్గరికి వచ్చేశాడు. ఆయన నోరు తెరిచి బాధ చెప్పుకునే మనిషి కాదు. గుంతలో కాళ్ళు పెట్టుకుంటే బాగుంటాడు, లేకుంటే బాగుండడు, ఇంట్లో అందరికీ తెలిసింది ఇంతే.

అప్పుడే మా తమ్ముడు, అంటే ఈ దీప్తి నాన్న, పాకడం మొదలుపెట్టాడు. వాడు పాకింది పాకినట్లు గుంతవైపే పోయేవాడు. ఒకసారి అమ్మ కాలు పట్టి లాగకపోతే తలకిందులుగా పడేవాడు. ఆ రోజు నాయన గట్టిగానే అన్నాడు: "ఇంగ దీన్ని పూడ్చేస్తామప్పా. మట్టి తోలించి పైన బండలు పరిస్తే పిల్లోనికి భయముండదు, మంచం వేసుకునేకి తావు కూడా అవుతాది." నాయన మాటలో తప్పేమీ లేదు, ఇల్లు చిన్నది, పిల్లాడు దుడుకు. తాత ఆ పూట అన్నం ముట్టలేదు. అవ్వ కంచం తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి, మళ్ళీ తీసుకెళ్ళింది.

తాబేలు ఆ వారంలోనే వచ్చింది. ఆనేకల్ ఊళ్ళో ఉండే అవ్వ తమ్ముణ్ణి మేము ఆనేకల్ తాత అనేవాళ్ళం. ఆయన వస్తే చేతిసంచీలో ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూ ఉండేది, ఒకసారి కోడి, ఒకసారి కుందేలు. ఈసారి గోనెపట్టాలోంచి చేటంత తాబేలు దిగింది. నల్లటి వీపు మీద మూడు గట్లు, అంచున పసుపు గీత. వానకు చెరువు నిండి మరవ మీదుగా నీళ్ళు పొంగితే రోడ్డు మీదికి వచ్చిందట, లారీ కింద పడుతుందని ఎత్తుకొచ్చి నాకు ఆడుకోమని తెచ్చాడు. నేను చేయి చాచేలోపల అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. తాబేలు చొరబడిన ఇల్లు చెడుతుందని మా వైపు గట్టి నమ్మకం. "నీకు బుద్ధి ఉండాదా? తాంబేలు తెచ్చి ఇంట్లో ఇడుస్తావా? ఇప్పటికే మగ్గం పోయి కూచుండాము, ఇంగ ఇల్లు కూడా పోవల్లా?" అని తమ్ముణ్ణి కడిగిపారేసింది. ఆయన నవ్వుతూ తాబేలును మళ్ళీ పట్టాలో చుట్టబోయాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

అప్పుడు గుంత అంచునుంచి తాత గొంతు వినిపించింది. కొన్ని నెలల తరువాత ఎవరూ అడగకుండా ఆయన మాట్లాడటం అదే మొదలు. "దాన్ని ఇట్ల తీసుకురా" అన్నాడు. "ఇంట్లోకి రాకూడదు, అంతే గదా. గుంత ఇంట్లోది కాదు. మా నాయన మొదట ఈడ గుంత తవ్వి మగ్గం దించినాడు, ఆనెక చుట్టూ గోడలు లేపినాడు. గుంత భూమిది. భూమిలో తాంబేలు ఉండేదానికి ఎవురు ఏమంటారు?" ఆనేకల్ తాత ఆ తీర్పు విని చప్పట్లు కొట్టాడు. అవ్వకు ఒప్పుదల కాలేదు. కానీ మొగుడు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం విని ఆమె కూడా ఖంగు తిన్నట్టుంది. వీధి తలుపు దగ్గర నుంచి గుంత దాకా గోనెపట్టా పరిపించి, దాని మీదుగా, నేల తగలకుండా తెమ్మంది. సాయంత్రం నాయన వచ్చి చూశాడు. గుంతలో తాబేలు, అంచున నేను, నా పక్కన తాత. కాసేపు తల గోక్కుని, "సరే, అది ఉన్నన్నాళ్ళు గుంత ఉండనీ. అది పోయిన రోజు మట్టి తోలిస్తా" అన్నాడు. నాయన అది వాయిదాకే అన్నాడు గాని, ఆ మాటతో తాత కూర్చునే చోటు ఆ తాబేలు ప్రాణానికి ముడిపడింది. ఆ సంగతి నాకు కూడా అర్థమైంది.

తాత పని మొదలుపెట్టాడు. మొదట గుంతలో బిందెలతో నీళ్ళు పోశాం, తెల్లారేసరికి మట్టిగోడలు తాగేశాయి. తాబేలు బురదలో కూరుకుని ఉంది. అప్పుడు ఆయన సున్నం, ఇసుక కలిపి, మేస్త్రీని పిలవకుండా, తానే గుంతలోకి దిగి గోడలకు మెత్తగా పూత పూశాడు. గుంతంతా నీళ్ళు నింపితే అది ఆపకుండా ఈదుతూ గోడలు గీరింది. నీళ్ళలో ఉండేదే అయినా దానికి కాలు ఆనే చోటు కావాలని అప్పుడు తెలిసింది. దాంతో ఆయన గుంతను రెండుగా విడగొట్టాడు. ఒక కొసన ఎర్రమట్టి, ఇసుక కలిపి మోకాలెత్తు ఒడ్డు కట్టాడు, అది కరగకుండా రాళ్ళు పేర్చాడు. రెండో కొసన నీళ్ళు, అది నిలబడితే తల బయట ఉండేంత లోతు మొదలుకుని కాస్త కాస్తగా లోతు. విరిగిన తిరగలి రాయి ఒకటి బోర్లించి నీళ్ళ నడుమ దిబ్బలా పెట్టాడు. ఒడ్డు ఎక్కడానికి మగ్గం తొక్కుడు పలకనే అటక మీదినుంచి దించి ఏటవాలుగా వేశాడు. అది ఏళ్ళ తరబడి తాత పాదాలకు అరిగి నున్నగా అయిపోయిన కొయ్య. తాబేలు ఎక్కుతుంది, జారుతుంది. రెండు రోజులు చూసి, మిగిలిపోయిన ముతక నూలును ఆ పలకకు వేలెడు ఎడంగా మెలికలు వేసి చుట్టాడు. అది గోళ్ళు తగిలించుకుని మెల్లగా పైకి వచ్చి, ఎండలో మెడ చాపి, వెనక కాలు ఒకటి వదులుగా జాపుకుంది. తాత నా వీపు చరిచాడు. తరువాత మగ్గం దూలాలను గుంత చుట్టూ కట్టి, తమ్ముడు పడకుండా కంచె వేశాడు. తాను కూర్చునే చోట మాత్రం కంచె లేదు, లేచి వెళ్ళేటప్పుడు అక్కడ ఒక దూలం అడ్డం పెట్టేవాడు. ఒడ్డు కట్టింది కూడా ఆ కొసనే. దానికి ఎండ కావాలి, గాజు పెంకులోంచి ఎండ పడేది అక్కడే, నిజమే. కానీ ఆయన కాళ్ళు వేలాడేది కూడా అక్కడే. పొద్దున ఆయన వచ్చి కూర్చుంటే పాదాలు పొడి మట్టి మీద ఆనేవి, పక్కనే తాబేలు ఎండ కాచుకునేది.

దానికి నాడె అని పేరు పెట్టింది తాతే. "చూడు పాపా, ఆ దరి నుంచి ఈ దరికి, ఈ దరి నుంచి ఆ దరికి. నేను నేసేది మానుకున్యా, ఇది మానుకోలే" అనేవాడు. దానికి మేము వేసిన తోటకూర, నత్తలు, వానపాములు అన్నీ తినేది గాని, ప్రాణం మాత్రం పట్టుపురుగుల మీద. పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీశాక లోపల మిగిలే పురుగులను ఆనేకల్ తాత ఎండబెట్టి డబ్బాలో తెచ్చేవాడు. ఆ డబ్బా మూత తీస్తే వీధిలో కుక్కలు వచ్చి నిలబడేవి, అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పారిపోయేది. తాతకు ఆ వాసన ఇష్టం. పట్టు పుట్టే వాసన అనేవాడు. అవ్వ దాని దగ్గరికి వచ్చేది కాదు. గుంత అంచున ముగ్గు మాత్రం మానలేదు. ముగ్గు వేస్తూ, "ఏమప్పా, నీ నాడె లేసిందా?" అని మొగుణ్ణి దెప్పేది. ఆయన దానికి తీరుబడిగా జవాబు చెప్పేవాడు. ఇద్దరూ అట్లా మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు, చూస్తూ బడికి ఆలస్యం చేసుకునేదాన్ని.

చలికాలం మొదట్లో నాడె తిండి మానేసింది. ముందు ఒక కన్ను, తరువాత రెండూ వాచి మూసుకుపోయాయి. కాళ్ళ మీద చర్మం ఎర్రగా పొక్కింది. పలక ఎక్కబోయి పక్కకు పడేది. నీళ్ళలోకి దిగడానికి ఇష్టపడక ఒడ్డునే ముడుచుకునేది. పట్టుపురుగు ముక్కు ముందు పెట్టినా కదల్లేదు. సందులో తలా ఒక మందు చెప్పారు, ఏదీ పనిచేయలేదు. నాయన వంగి చూసి పోయేవాడు. ఆయన అనకపోయినా మట్టి తోలిస్తానన్న ఆ మాట గదిలో ఉంది. తాత కాఫీ చల్లారిపోతున్నా ముట్టకుండా దానివైపే చూస్తూ కూర్చునేవాడు. చలికి పగిలిన ఆయన పాదాల మీద, గుంతలోకి దిగినప్పుడు నీళ్ళు తగిలిన మేర, తెల్లటి పొడి పేరుకుని మంటపుట్టడం మొదలైంది. ఒకరోజు దాన్ని గోటితో గీరి, నాలుకకు తగిలించుకుని చూశాడు. తరువాత నా చేత అటక మీది పట్టు దారపు ఉండ తెప్పించి, ఒక పోగు తెంచి, గుంత నీళ్ళలో ముంచి, రాయి కింద పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆ పోగును తీసి వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. పట్టు పోగును నులిమితే చిన్నగా కిర్రుమనాలి. అది నాకు కూడా తెలుసు, ఆ ఇంట్లో పుట్టిన దాన్ని. అది కిర్రుమనలేదు. మెరుపు పోయి, జిగటగా ఉండి, కాస్త లాగితే మధ్యకు తెగింది. "పట్టు సచ్చిపొయ్యిండాది" అన్నాడు తాత. "సున్నం పాపా. పూత ఆరకముందే నీళ్ళు పోస్తిని. మీ నాయన మట్టి తోలిస్తాడేమోనని ఆత్రం. ఆ సున్నం నీళ్ళలో దిగి దాని కండ్లు కాల్చింది. నేనే చేస్తిని." పట్టుకు సున్నం పడదని, రంగుల తొట్టి దగ్గరికి సున్నం డబ్బా రానివ్వకూడదని ఆయన జీవితమంతా అందరికీ చెప్పినవాడు. గుంత గోడ పూసేటప్పుడు అది గుర్తు రాలేదు. గుంతలో పట్టు లేదు కదా.

ఇప్పుడు చేయాల్సింది తెలిసింది. నీళ్ళన్నీ తోడి, గోడలను చింతపండు పులుసుతో రుద్ది, నీళ్ళు నింపి, తోడి, మళ్ళీ నింపి, సున్నం దిగిపోయేదాకా అదే పని. ఆ పని అయ్యేదాకా తాబేలు ఎక్కడ ఉండాలి? పెరడు అనడానికి ఉన్న రవ్వంత చోట్లో చలి, పిల్లులు. వీధిలో పెట్టలేం. ఆనేకల్‌కు బస్సులో పంపితే దారిలోనే పోతుందని ఆనేకల్ తాతే అన్నాడు. మిగిలింది ఇల్లే. గుంత భూమిది అని తీర్పు చెప్పిన తాత ఇప్పుడు ఏ తీర్పూ చెప్పలేక, రెండు చేతుల్లో తాబేలును పట్టుకుని గుంత అంచున నిలబడిపోయాడు. వంటింటి గడప అవతల అవ్వ అవరెకాయలు, అంటే అనపకాయలు, ఒలుస్తోంది. చేటలో గింజలు పడే చప్పుడు ఆగింది. లేచి, చేతులు కడుక్కుని వచ్చి, కొంగు చాపింది. "ఇట్ల పెట్టు" అంది.

తాత పెట్టాడు. అవ్వ కొంగులో దాన్ని చుట్టుకుని, వంటింటి గడప దగ్గర ఒక క్షణం ఆగి, దేవుడి గూటివైపు చూసి, "ఏమొచ్చినా నా నెత్తి మీదికి రానీ. ఇంటి మీదికి, పిల్లోళ్ళ మీదికి రానీకు" అని లోపలికి అడుగుపెట్టింది. నాకు భయమేసింది. తాత దగ్గర నేర్చుకున్న తెలివి చూపిస్తూ, "అవ్వా, నువ్వే కదా ఎత్తుకొచ్చింది. అది దాని కాళ్ళతో రాలేదు. రానట్లే లెక్క" అన్నాను. ఆమె నన్ను చూసి, "మీ తాత మాటలు నాకు చెప్పాకు. వచ్చింది వచ్చినట్లే" అంది. అని, వెడల్పాటి మట్టి మూకుడు తీసి, సగం దాకా గోరువెచ్చటి నీళ్ళు పోసి, పాత పెంకు ఒకటి ఏటవాలుగా ఆనించి, దాని పైకొసకు ఇటుక పెట్టి, తాబేలును పెంకు మీద దించింది. ఒడ్డూ నీళ్ళూ రెండూ ఉండాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అన్నాళ్ళూ ముగ్గు వేస్తూ అన్నీ చూసింది.

ఆ మూకుడు పొట్టు పొయ్యి పక్కన వెచ్చగా ఉండేచోట కొన్ని వారాలు ఉంది. పొద్దునా సాయంత్రం అవ్వ నీళ్ళు మార్చేది. మెత్తటి పాత చీరముక్కను కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపి దాని కళ్ళు తుడిచేది. చంటిపిల్లవాడి కళ్ళకు పుసి కడితే ఎట్లా తుడుస్తారో అట్లాగే, లోపలి కొసనుంచి బయటికి. అవరెకాయల పులుసు వాసన కమ్మగా వచ్చే ఆ వంటింట్లో, అమ్మ కూడా స్నానం చేయకుండా అడుగుపెట్టలేని చోట, పట్టుపురుగుల డబ్బా వచ్చి చేరింది. అవ్వ ముఖం చిట్లించి, రెండు వేళ్ళతో ఒక పురుగు తీసి దాని ముందు పెట్టి, "తినవే తల్లీ, తిని నా పీడ వదిలించు" అని బతిమాలేది. బయట తాత, నాయన బిందెలతో గుంత నింపి తోడేవాళ్ళు. అవును, నాయన కూడా. ఫ్యాక్టరీ నుంచి వచ్చి ప్యాంటు మడిచి దిగేవాడు, తాను ఎందుకు దిగుతున్నాడో ఎవరికీ చెప్పలేదు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలం. స్నానాలు సగం బకెట్‌కు దిగాయి. ప్రతిసారీ తాత ఒక పట్టుపోగు ముంచి చూసి తల అడ్డంగా ఊపేవాడు.

నాడె ముందు ఎడమకన్ను తెరిచింది. నేను బడినుంచి వచ్చేసరికి అవ్వ మూకుడు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. పురుగు లేదు. "ఏదవ్వా?" అంటే, "తినె" అంది, మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. కళ్ళు తడిగా ఉన్నాయి. పొగకని చెప్పింది, పొయ్యి అప్పుడు ఆరిపోయి ఉంది. కొన్నాళ్ళకు తాత తీసిన పోగు వేళ్ళ మధ్య కిర్రుమంది. ఆయన దాన్ని నా చెవి దగ్గర పెట్టి వినిపించాడు. నాడె తన ఒడ్డుకు పోయింది, తాత తన చోటికి పోయాడు, నాయన మట్టి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తరువాత తాత చాలా ఏళ్ళు బతికాడు. నేను కాలేజీకి పోయే రోజుల్లో కూడా పొద్దున గాజు పెంకులోంచి ఎండ దిగేటప్పటికి ఆయన పాదాలు ఆ ఒడ్డున ఉండేవి. ఒక చలికాలం ఆయన పోయాడు. నెల తిరిగాక ఆనేకల్ తాత నాడెను గోనెపట్టాలో తీసుకెళ్ళి దాని చెరువులోనే వదిలాడు. ఈ రోజుల్లో అట్లా చెరువు తాబేలును పట్టి ఇంట్లో పెడితే నేరం, ఉండాల్సిన చట్టమే అది. మా వల్ల దాని ప్రాణం పోయేంత పని అయింది. దీప్తి తొట్టిలో నీళ్ళు ఏ మాత్రం తేడా వచ్చినా చెప్పే కాగితపు ముక్కలున్నాయి, రంగు మారితే తెలిసిపోతుంది. ఆ పిల్ల ఎవరినీ అడగకుండా, ఎవరినీ ఒప్పించకుండా, తన ఇంట్లో తనకు నచ్చింది పెట్టుకుంది. చూస్తే సంతోషంగానే ఉంది. అప్పటిది గొప్పది, ఇప్పటిది కాదు అనే జాతి దాన్ని కాను నేను. మా రోజుల్లో ఒక తాబేలు ఇంట్లోకి రావాలంటే ఎవరో ఒకరు భయాన్ని మింగాల్సి వచ్చేది, అంతే తేడా. మింగినావిడకు నేను ఆ రోజు థ్యాంక్స్ చెప్పలేదు. అప్పుడు మా ఇళ్ళలో ఆ మాట లేదు. ఇప్పుడు చెబుతున్నాను, వినడానికి ఆమె లేదు.

ఒకసారి మాత్రం అడిగాను. పేటలో ఇల్లు చివరికి పంపకాల్లో పోయింది, గుడ్డల గోడౌను వాళ్ళు కొన్నారు. మేము జయనగర్ పక్కన అద్దె ఇంట్లోకి మారాం. అవ్వ అప్పటికి బాగా వంగిపోయింది. చూడటానికి వచ్చిన చుట్టం ఒకావిడ కాఫీ తాగుతూ, "ఆ పొద్దు తాంబేలును ఇంట్లోకి రానిస్తిరి గదా, అదే తగిలింది మీకు, ఇల్లు నిలవలే" అని చక్కా వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అవ్వ దీపానికి ఒత్తులు చేసుకుంటోంది, కోపం లేదు, తొట్రుపాటు లేదు. ఆమె పక్కన కూర్చుని, "అవ్వా, నువ్వు అది నిజంగా నమ్ముతావా?" అన్నాను.

"నమ్ముతా. అప్పుడూ నమ్మితి, ఇప్పుడూ నమ్ముతా."

"ఇల్లు చెడిపోతాదని నమ్మి కూడా లోపలికి ఎట్ల తెస్తివి?"

ఆమె చేతిలో ఒత్తిని పూర్తిగా నలిచి, పళ్ళెంలో పెట్టి, అప్పుడు చెప్పింది. "అది సస్తే మీ నాయన గుంత పూడుస్తాడు. మీ తాత యాడ కూచునేది? ఆయప్పకు కూచునే తావు లేకపోతే ఇంగ అది ఇల్లేనా పాపా, చెడేదానికి?"